ఏదీ దేన్నీ తాకదు

రంగు అడిగాడు, అడగడానికి ఇంకేమీ దొరకనట్టు రంగు, ఎలక్ట్రాన్ ఏ రంగులో ఉంటాదప్పా, నల్లగానా ఎర్రగానా అని, అడిగింది మామూలు మనిషా, రంగనాథం, ఆళ్లగడ్డ సత్రానికి ధర్మకర్త, కొత్త హైస్కూలు కమిటీకి పెద్ద, అరుగు మీద దిండుకు ఆనుకుని ఆయన అడిగితే కింద వాకిట్లో నిలబడి జ్ఞానప్రకాశం ఎంత వినయంగా చెప్పాడు, దానికి రంగు ఉండదండీ, వెలుతురు వస్తువు మీద పడి తిరిగి మన కంటికి వస్తేనే రంగు, ఇది వెలుతురు అలకన్నా మరీ చిన్నది, దానికి అందదు, అని, చెప్తుంటే తన గొంతు తనకే ముచ్చటేసింది, ఇప్పుడు పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే ఈ బస్సు వెనక సీట్లో వీపుకు బొగ్గుల డ్రమ్ము సెగ కొడుతుంటే, పక్కన గొంగళి కప్పుకున్న రైతు నిద్రలో తన భుజం మీదికి ఒరుగుతుంటే, ఆ గొంతును తలుచుకుంటేనే చీదరగా ఉంది, ఆళ్లగడ్డ ఇళ్లు వెనకబడ్డాయి, కుడివైపు దూరంగా నల్లమల, ఎడమవైపు రేగడి చేలల్లో జొన్న, నంద్యాల చేరేసరికి పొద్దు వాలుతుంది, చేరాక ఇంట్లో ఏం చెప్పాలి, అది తేలేదాకా ఈ బస్సు ఎంత మెల్లగా పోతే అంత మంచిది.

చెప్పడానికేముంది, పని దొరికింది అని చెప్పొచ్చు, అబద్ధం కాదు, దొరికింది, దానికోసమేగా పోయింది, నంద్యాల బడిలో తనది ఎవరో ఖాళీ చేసిన కుర్చీ, అసలు సైన్సు అయ్యవారు యుద్ధానికి పోతే ఆ ఖాళీలో తనను కూర్చోబెట్టారు, యుద్ధం ముగిసి ఆయన పటాలం నుంచి మీసాలు పెంచుకుని తిరిగొచ్చాడు, ఈ నెలాఖరుతో తనకు నమస్కారం, ఇంట్లో రూతుకు నెలలు నిండుతున్నాయి, సరిగ్గా అప్పుడే కబురు చేశాడు చక్రపాణి, అహోబిలం అర్చకుల ఇంటి పిల్లవాడు, మద్రాసులో ఒకే కాలేజీ, ఒకే హాస్టలు, పక్కపక్క మంచాలు, ఇప్పుడు ఆళ్లగడ్డలో హెడ్మాస్టరు, ఒరే ప్రకాశం, జపాను మీద బాంబు వేసిన కాడి నుంచి ఈడ అందరూ అణువు అణువు అంటాండారు, ఒక ఆదివారం వచ్చి దాని సంగతేందో చెప్పిపో, కమిటీ వాళ్లు వింటారు, నిన్ను విన్నాక ఆ సైన్సు పోస్టుకు ఇంకొకడి పేరు ఎత్తితే నన్నడుగు, అని, ఎంత పొంగిపోయాడు తను, రూతు మాత్రం మూతి ముడిచింది, ఆదివారం పూట గుళ్లో ఆరాధన మానుకుని పోతాండావా, దేవుడు ఏమనుకుంటాడో లేదో గానీ మీ నాయన అనుకుంటాడు, అంది, నాయనకు నేను చెప్పుకుంటాలే అన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లికొడుకులా బయల్దేరాడు.

సత్రం వాకిట్లో పందిరి వేసి కింద బల్ల పెట్టారు, పెద్దలంతా పైన అరుగు మీద, గాలి బాగా ఆడుతాదని ఈడ వేయించినా అన్నాడు చక్రపాణి, నిజంగానే గాలి బాగుంది, తప్పు పట్టడానికి వీల్లేదు, చక్రపాణి ఏది చేసినా తప్పు పట్టడానికి వీల్లేకుండానే చేస్తాడు, పేరు కూడా అంతే, పొద్దున బస్సు దిగగానే ఒరే అన్నవాడు సభ మొదలయ్యేసరికి జ్ఞానప్రకాశం గారు అన్నాడు, ఆ గారు వినడానికి ఇంపుగా ఉంది, ఇంపుగా ఉంటూనే ఇద్దరి మధ్యా ఒక బల్ల జరిపింది, సరే, మొదలుపెట్టాడు, ఏ వస్తువునైనా కోసుకుంటూ కోసుకుంటూ పోతే పరమాణువు, దాని నడుమ కేంద్రం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, చుట్టూ ఎలక్ట్రాన్లు, కేంద్రం గోలీకాయంత ఉండి ఈ సత్రం నడిమింట్లో ఉందనుకోండి, ఎలక్ట్రాన్లు ఊరి బయట ఎక్కడో తిరుగుతుంటాయి, మధ్యలో ఉన్నదంతా ఖాళీ, అన్నాడు, ఊరి బయట అన్న మాట నోరు దాటాక గానీ తెలిసిరాలేదు, తన తాతముత్తాతల గుడిసెలన్నీ ఉండింది అక్కడే కదా, పోనీ, ఆపకుండా చెప్పేశాడు, లోకంలో పనంతా ఆ బయట తిరిగేవే చేస్తాయండీ, దీపం వెలిగినా, ఇనుము తుప్పు పట్టినా, పాలు పెరుగైనా, కేంద్రం నడుమ బరువుగా కూర్చుంటుంది అంతే, అన్నాడు, అరుగు మీద నవ్వారు, ఎవరికీ ఏమీ గుచ్చుకోలేదు.

ప్రశ్నలు మాత్రం మంచివే అడిగారు, కాలేజీలో లెక్చరర్లు కూడా అడగనివి, రంగు సంగతి పోనీ, ఒక ముసలి రైతు లేచి, రేయింబగలు అట్ల తిరగాలంటే అది ఏం తింటాదప్పా అన్నాడు, ఏమీ తినదు పెద్దాయనా, దాని చోట అది ఉన్నంతకాలం దానికి ఏ ఖర్చూ లేదు అంటే, మా ఎద్దులకు ఆ విద్య నేర్పు అన్నాడు, ఇంకొకరు, ఎవరు చూసినారు దాన్ని అన్నారు, ఎవరూ చూడలేదు, ఆవిరి నింపిన గాజుపెట్టెలో అది పోయిన దారి వెంట తెల్లటి గీత పడుతుంది, దాన్ని చూశారు, అని చెప్పాడు, నడుమ గింజ అంత గట్టిగా లాగుతాంటే ఇది పోయి దాంట్లో పడదేం అన్నారు, దానికి కొన్ని చోట్లే ఉన్నాయి, ఆ చోట్ల మధ్యలో నిలవడానికి వీల్లేదు, అన్నింటికన్నా అడుగు చోటుకు చేరాక ఇంక దిగడానికి చోటు లేదు, అనేసరికి రంగనాథం తొడ మీద చరిచి, అంటే దేని చోటు దానికి ముందే ఉండాది, బాగుండాదప్పా నీ శాస్త్రం అన్నాడు, అక్కడ తను జాగ్రత్త పడాల్సింది, పడలేదు, మెచ్చుకుంటున్నాడనుకున్నాడు, తలుపు చాటు నుంచి చక్రపాణి మేనత్త శేషమ్మ, మనిషి పోయినాక ఆ ఎలక్ట్రాన్లు ఏమైతాయి నాయనా అంది, ఆ గొంతులో ఎవరినో పోగొట్టుకున్న తడి ఉంది, ఏమీ కావమ్మా, అవి చావవు, మట్టిలోకి పోతాయి, మట్టిలోంచి జొన్నలోకి, జొన్నలోంచి ఇంకొకరి ఒంట్లోకి, ఎలక్ట్రాన్లన్నీ ఒకటే, ఇది ఫలానావాళ్లది అని గుర్తుపట్టడానికి దాని మీద ఏ మచ్చా ఉండదు, అన్నాడు, తలుపు చాటున ఆమె ఏడుస్తోందో, మైలపడిన జొన్నను తలుచుకుని జడుసుకుంటోందో తెలియలేదు.

ఆ ఊపులోనే అనేశాడు, అనకూడదని రూతు చెప్పిన మాట, వారం రోజులుగా ఇంట్లో పచార్లు చేస్తూ వల్లెవేసుకున్నాడు దాన్ని, వింటూ వింటూ ఆమె బియ్యం చాట పక్కన పెట్టి, ఆ ముక్క మాత్రం ఆడ చెప్పొద్దప్పా, నీకు పని కావాల్నా తగువు కావాల్నా అంది, ఇది తగువు కాదే, సైన్సు, దీనికి ఎవరేమంటారు అన్నాడు, సైన్సును ఎవరూ ఏమీ అనరనుకునే వెర్రి ఉండింది పొద్దున దాకా, గొంతు సవరించుకుని అరుగు వైపు చూసి చెప్పాడు, ఈ బల్ల మీద నేను చెయ్యి పెట్టాను, పెట్టాననుకుంటున్నాను, కానీ నా చేతిలో ఎలక్ట్రాన్లు, బల్లలో ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి, మధ్యలో ఎంతో కొంత ఎడం మిగులుతుంది, మనకు తగిలింది అనిపించేది ఆ తోపే, సృష్టి మొదలైనప్పటి నుంచి ఏ వస్తువూ ఇంకో వస్తువును నిజంగా తాకలేదు, ఎవరూ ఎవరినీ తాకలేదు, అన్నాడు, ఇంక మిగతాది వాళ్లకే తట్టాలి, తాకుడే లేనప్పుడు అంటు ఎక్కడిది, మైల ఎక్కడిది, ఇన్ని వందల ఏళ్లుగా బావుల్లో నీళ్లన్నీ తోడి కడుక్కున్నది దేన్ని, ఆ ముక్క నోటితో అనలేదు, అనక్కర్లేదనుకున్నాడు, అరుగు మీద పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే తట్టిందనుకున్నాడు, పరీక్షలో కష్టమైన లెక్క తెగినంత సంబరపడ్డాడు.

అప్పుడు లేచాడు చక్రపాణి, వందన సమర్పణ, ఉత్తరీయం సర్దుకుని, చేతులు జోడించి, పుస్తకం భాషలో, మన మిత్రులు జ్ఞానప్రకాశం గారు ఎంత చక్కగా వివరించారు, ఎలక్ట్రాన్ సాటి ఎలక్ట్రాన్ ను దూరంగా ఉంచుతుందట, ఆ ఎడమే లేకపోతే ఈ బల్ల నిలవదట, ఈ గోడ నిలవదట, లోకమంతా కుప్పగా కూలుతుందట, అంటే ఎడం పాటించడమనేది సృష్టిలోనే ఉన్నది, మన పెద్దలు ఏ యంత్రమూ లేకుండా దీన్ని ఏనాడో గ్రహించి ఆచారమని పేరు పెట్టారు, నేటికి సైన్సు వచ్చి అవునంటున్నది, అన్నాడు, చప్పట్లు, ఎంత చప్పట్లు, తను చెప్పినంతసేపూ ఒడిలో పడుకున్న చేతులన్నీ ఒక్కసారి లేచాయి, రంగనాథం కళ్లు చెమర్చాయి, ముసలి రైతు కూడా చప్పట్లు కొట్టాడు, తనకు జవాబు తెలుసు, నాలుక కొసన ఉంది, ఒరే చక్రపాణీ, ఎలక్ట్రాన్లు తోసుకునేది వేరు వేరైనందుకు కాదురా, ఒకటే రకమైనందుకు, నిజంగా వేరైన వాటిని చూడు, ప్రోటాన్ ను ఎలక్ట్రాన్ ను చూడు, అవి ఒకదానికోసం ఒకటి ఎట్లా పడిచస్తాయో, మీరూ మేమూ నిజంగా వేరు జాతులమే అయితే నీ సైన్సు ప్రకారం ఈపాటికి కౌగిలించుకుని ఉండాలి, ఇంతే, రెండు ముక్కలు, అని ఉంటే ఆ అరుగు మీద ఎవడి మొహం ఎట్లా ఉండేదో, అనలేదు, నెలాఖరు గుర్తొచ్చింది, రూతు పొట్ట గుర్తొచ్చింది, నాలుక కొసన ఉన్నదాన్ని మింగి తనూ చప్పట్లు కొట్టాడు.

బస్సు ఆగింది, శిరివెళ్ళ, క్లీనరు దిగి డ్రమ్ములో బొగ్గులు కూరుతున్నాడు, మసి గాలికి లేచి ఇస్త్రీ చొక్కా మీద వాలుతోంది, భుజం మీద రైతు లేచి కళ్లు నులుముకుని, యాడికి పోతాండావప్పా అన్నాడు, నంద్యాలకు, ఏం పని చేస్తావు, పిల్లలకు చదువు చెప్తా, ఏం చదువు, ఎలక్ట్రాన్లని, కంటికి కనపడనివి ఉంటాయిలే, వాటి గురించి, కనపడవా, కనపడవు, మరి ఉన్నట్టు ఎట్ల తెలుసు, అవి చేసే పని కనపడుతుంది, దయ్యాల మాదిరి అన్నమాట, ఆ, దయ్యాలే, అన్నాడు, రైతు మెచ్చుకోలుగా తలాడించి, మా పక్క ఊరోడు కూడా అదే పని చేస్తాడు, యాపమండ పెట్టి కొడతాడు అని గొంగళి లాక్కుని మళ్లీ అదే భుజం మీద నిద్రపోయాడు, తల బరువు, చెమట వాసన, చెవి వెచ్చదనం, ఇదేనా తాకకపోవడం, ఇంత హాయిగా తన మీద నిద్రపోతున్నాడంటే పేరు అడగలేదు కాబట్టి, అడిగితే చెప్పేవాడు, జ్ఞానప్రకాశం అనే పేరు చెప్పాక బస్సుల్లో సీట్లు ఖాళీ కావడం తనకు కొత్తా, కానీ నిద్రలో మనిషి ఎంత మంచివాడు, లేపబుద్ధి కాలేదు.

సభ అయ్యాక పందిరి గుంజలు పీకుతుండగా పిలిచాడు చక్రపాణి, సత్రం పక్కగోడ నీడలోకి, మళ్లీ ఒరే అయింది, ఒరే ప్రకాశం, అయిపోయింది, పోస్టు నీదే, రంగనాథం గారు నోటితో చెప్పినారు, ఒకటే చిన్న సంగతి, బడికి సొంత గదులు లేచేదాకా ఈ సత్రమే కదా, సామాన్ల బీరువా నడిమింట్లో ఉండాది, దాని పక్కనే అహోబిలం యాత్రికులకు వంట, నువ్వు గడప దాటాల్సిన పని లేకుండా ఏర్పాటు చేసినా, ప్రయోగాలు లెక్కల అయ్యవారు లక్ష్మీనరసింహం లోపల చూపిస్తాడు, చూసి పిల్లోళ్లు బయటికొస్తారు, వాళ్లు చూసిందేందో నువ్వు వాకిట్లో చెప్పు, థియరీ అంతా నీదే కదరా, అసలు కష్టమంతా దాంట్లోనే, అన్నాడు, ఎంత సాఫీగా అన్నాడు, అంటే గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దేది లక్ష్మీనరసింహం, ఆ కడ్డీ దగ్గరికి తేగానే సీసాలో బంగారు రేకులు రెండూ ఒక్కసారి విడిపోయేది లోపల, పిల్లల నోళ్లు తెరుచుకునేది లోపల, ఆ నోళ్లు మూసుకుని బయటికొచ్చాక, ఏం చూశార్రా అని అడిగి, చూసినవాళ్లకు చూడనివాడు చెప్పాలి, బడి పెట్టి పిల్లలకు సైన్సు నేర్పాలనుకున్నవాడికి ఇంతకన్నా ఘనమైన ఏర్పాటు ఎవరికి తడుతుంది, సరే అన్నాడు తను, ఆలోచించి చెప్తాననలేదు, చక్రపాణి మాట ముగియకముందే సరే వచ్చేసింది, పైగా, చాలా సాయం చేసినావురా అని కూడా అన్నాడు, చక్రపాణి మురిసిపోయి భుజం తట్టబోయాడు, అరుగు మీద ఎవరో దగ్గారు, లేచిన చెయ్యి గాలిలోనే తిరిగి తన ఉత్తరీయం సర్దుకుంది.

ఇంటికి పోతే నాయన గడపలో కూర్చుని ఉంటాడు, ఆదివారం ఆరాధన ముగించుకుని తెల్లపంచె విప్పకుండా, దేవసహాయం ఉపదేశి, పాములపాడు నుంచి అవుకు దాకా కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన మనిషి, ఏమైందో మొదటి నుంచి చెప్పప్పా అంటాడు, ఒక్క ముక్క వదలనివ్వడు, అరుగు, వాకిలి, వందన సమర్పణ, బీరువా, అన్నీ విని గడ్డం నిమురుకుని, తెలియక చేస్తాండారప్పా అంటాడు, అంటాడని తనకు ఎంత ఖాయంగా తెలుసు, అవుకులో దాహానికి నీళ్లడిగితే చెంబు దూరం నుంచి విసిరిన రోజు నుదుటి నెత్తురు తుడుచుకుంటూ అదే అన్నాడు, అమ్మ శవపెట్టెను ఊరి దారిలో పోనివ్వకుండా నిలబెడితే చేను గట్ల వెంట మోయించుకొచ్చి గుంటలో దించాక అదే అన్నాడు, తెలియనోళ్ల మీద కోపమెందుకురా, తెలిసేట్టు చేస్తే పోతాది, దానికే నిన్ను చదివిస్తాండా, అని, ఆ ఒక్క మాట పట్టుకునే తను మద్రాసు దాకా పోయాడు, వస్తువును కోసుకుంటూ ఇంక కోయడానికి ఏమీ మిగలని చోటు దాకా పోయి తెలుసుకొచ్చాడు, తెచ్చి ఇవాళ బల్ల మీద పెట్టాడు, నాయన మాట మీద నమ్మకంతోనే పెట్టాడు, ఇంటికి పోగానే ఆ మాట వింటే ఒళ్లు చల్లబడుతుంది, రాత్రికి నిద్ర పడుతుంది, రేపటికి ఆ వాకిలి కూడా అలవాటవుతుంది, చక్రపాణి మాత్రం ఏం చేస్తాడు పాపం, పుట్టిన ఇల్లు అట్లాంటిది, వాడికి తాకుడే లేదన్న ఆ చివరి ముక్క ఎక్కలేదేమో, ఫిజిక్సులో వాడు మొదటి నుంచి మొద్దే.

మొద్దే, మార్కులన్నీ తను చెప్పి పెట్టినవే, సాయంత్రాలు సముద్రం ఒడ్డున ఇసకలో గీతలు గీసి చెప్పేవాడు, లాగేవి ఇట్లా, తోసేవి ఇట్లా, కక్ష్య ఇది, ఒకటికి నాలుగుసార్లు చెప్తే గానీ ఎక్కేది కాదు, ఒక్కటి మాత్రం మొదటిసారే ఎక్కింది, ఏదీ దేన్నీ తాకదు అన్నది, వేళ్ల చివర్లు రెండు దగ్గరగా పెట్టి చూసుకుని చూసుకుని, తను ఇంకా చెప్పకముందే, అసలు తనకు ఇంకా తట్టకముందే, అయితే ఒరే ప్రకాశం, మా నాయన మీ నీడ పడిందని రోజూ చేసే స్నానాలన్నీ దేన్ని కడగనీకిరా, అని పడీపడీ నవ్వాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, తను కొరికి పట్టుకున్న జంతికను చేతిలోంచి లాక్కుని మిగతాది నోట్లో వేసుకున్నాడు, ఏమీ కాలేదురా అన్నాడు నములుతూ, అవును, తాకుడు లేకపోతే మైల లేదన్న ఆ ముక్క చెప్పింది తను కాదు, తనకు చెప్పింది చక్రపాణి, వారం రోజులుగా ఇంట్లో వల్లెవేసుకున్నది వాడి మాటే, ఇవాళ వాకిట్లో తను దాన్ని ఎత్తగానే అది ఎక్కడికి పోతుందో వాడికి తెలిసిపోయింది, అందుకే అంత తడుముకోకుండా లేచాడు, దాన్ని మెడ పట్టుకుని తిప్పాడు, తోసుకునేది ఒకటే రకమని వాడికి తెలుసు, తాకుడు లేదని తెలుసు, గడప అవతలా ఇవతలా ఒకటే ఎలక్ట్రాన్లని తెలుసు, అన్నీ తెలిసి బీరువా లోపల పెట్టాడు, నాయన ఏమంటాడు ఇప్పుడు, తెలియక చేస్తాండారన్న ఆ ఒక్క మాట చేతిలోంచి జారిపోతే ఆ ముసలాయనకు ఇన్నేళ్ల దెబ్బలకు పూసుకోవడానికి ఇంకేం మిగిలింది, కాబట్టి చెప్పకూడదు, పని దొరికిందని మాత్రం చెప్పాలి, ఆయన మోకరించి స్తోత్రం చెప్తాడు, పక్కన తనూ మోకరించాలి, కోపం కూడా రావడం లేదు, ఎట్లా వస్తుంది, జవాబు నాలుక మీద పెట్టుకుని చప్పట్లు కొట్టింది ఎవరు, అడగకముందే సరే అన్నది ఎవరు, ఆ గోడ నీడలో నిలబడ్డ ఇద్దరిలో తెలియక చేసినవాడు ఒక్కడూ లేడు.